పదిహేడో నీడ

నేను ఒక అనుమానపు పక్షిని. చూడటానికి మాత్రం నాలుగడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు ఉన్న ప్లైవుడ్డు చెక్కను. ఒంటికి పసుపు రంగు, దాని మీద నల్లరంగుతో గీసిన ముప్పై నాలుగు పనిముట్ల ఆకారాలు. సుత్తి ఉండాల్సిన చోట సుత్తి నీడ, ఆకురాయి ఉండాల్సిన చోట ఆకురాయి నీడ. ఒక్కో నీడకు ఒక్కో మేకు, ఒక్కో నంబరు. పనిముట్టు మేకుకు వేలాడుతున్నంతసేపూ నీడ కనబడదు. ఎవరైనా తీసుకెళితే నల్లగా బయటపడుతుంది. విమానాల తోకలు తయారుచేసే ఫ్యాక్టరీలో గోడకు ఆనుకుని నిలబడి, పొద్దున పోయినవన్నీ సాయంత్రానికి తిరిగొచ్చాయో లేదో చూసుకోవడం నా ఉద్యోగం. ఇలాంటి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు మనుషుల మీద నమ్మకం ఎక్కువకాలం నిలవదు. అనుమానం పెనుభూతం అంటారు గానీ, నన్ను ఇన్నాళ్లు బతికించింది అదే.

నేను పుట్టింది బాలానగర్‌లో, ఒక పాత రేకుల షెడ్డులో. ఏదో విదేశీ యంత్రం వచ్చిన పెట్టెకు నేను మూతను. యంత్రాన్ని బయటికి తీశాక నన్ను క్యాంటీను పొయ్యిలోకి పంపాల్సింది. అంతలో షెడ్డులో ఒక గొడవ జరిగి నా తలరాత మారింది. ఒక తోకకు రేకులన్నీ మూసి, రివెట్లు కొట్టి, నలుగురూ కలిసి పక్కకు ఒరిగిస్తే లోపల గలగలమని చప్పుడైంది. ఎవరో కటింగ్ ప్లేయరు లోపలే మరిచిపోయి మూసేశారు. నేల మీద ఆ చప్పుడు నవ్వులాటే. గాలిలో అదే ప్లేయరు జారి, చుక్కానిని కదిపే కడ్డీకి అడ్డం పడితే, పైలట్ ఎంత తిప్పినా విమానం తిరగదు. రెండు రోజులు కష్టపడి రివెట్లన్నీ తొలిచి దాన్ని బయటికి తీశారు. మూడో రోజు ఉస్తాద్ బుగ్గప్ప నన్ను చెత్తలోంచి లాగి, నేల మీద పరిచి, ఒక్కో పనిముట్టునూ నా మీద పెట్టి చుట్టూ సుద్దముక్కతో గీశాడు.

బుగ్గప్పది తాండూరు పక్క పల్లె. ఇరవై ఎనిమిదేళ్లు రివెట్లు కొట్టి ఒక చెవి సరిగా వినపడేది కాదు. నీడలు గీశాక పనిముట్ల మీద నంబర్లు కూడా తానే ఉలితో కొట్టాడు. ఏడు అంకె వేయడం ఆయనకు ఎప్పుడూ సరిగ్గా రాలేదు. పదిహేడో నంబరు పానా మీద ఏడు పక్కకు వాలి, గోడకు ఆనుకున్నట్టు ఉండేది. ఆ పానా కొస కాస్త విరిగితే ఆకురాయితో నున్నగా అరగదీశాడు. అందుకే పదిహేడో నీడ కొస కూడా కొంచెం మొండిగా ఉంటుంది.

రోజూ సాయంత్రం నాలుగున్నరకు లెక్క. బుగ్గప్ప నంబరు పిలిస్తే, ఆ పనిముట్టు ఆ రోజు వాడినవాళ్లు “ఉంది” అనాలి. ఎవరైనా “లేదు” అంటే షెడ్డంతా ఆగిపోయేది. అప్పుడు బుగ్గప్ప ఒకే మాట అడిగేవాడు. “ఏది పోయింది?” అంతే. ఎవరు పోగొట్టారని నేనున్న ఎనిమిదేళ్లలో ఒక్కసారి కూడా అడగలేదు. మొదట్లో నాకది చేతకానితనంగా తోచింది. దొంగను పట్టుకోకుండా సొమ్ము వెతికే పోలీసు ఎక్కడైనా ఉంటాడా అనుకున్నాను.

స్వరూప వచ్చింది ఆ రోజుల్లోనే. ఐటీఐ చదివిన పిల్ల, ఇరవై నాలుగేళ్లుంటాయి, షెడ్డులో మొదటి ఆడమనిషి. చేరిన మూడో వారంలోనే చిన్న కాడ ఉన్న అద్దాన్ని పోగొట్టింది. తోక లోపలి మూలల్లోకి తొంగి చూసే అద్దం అది. లెక్కలో తన నంబరు వచ్చేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి.

“ఏడుస్తె దొరుకుతదా బిడ్డా?” అన్నాడు బుగ్గప్ప. “పొద్దటిసంది ఏడేడ తిరిగినవో అదే తొవ్వల మల్ల నడువు. మేమంత నీ ఎనుక వస్తం. పోగొట్టినోళ్లకే తొవ్వ ఎరుక.”

ఆ పిల్ల ముందు, పదకొండు మంది మగవాళ్లు వెనక. పెళ్లి ఊరేగింపులా షెడ్డంతా తిరిగారు. నూనె తుడిచే గుడ్డల మూటలో దొరికింది అద్దం. ఆ తర్వాత ఎవరో ఉస్తాద్‌ను అడిగారు, పేరు రాసిపెట్టుకుంటే రేపటికి పనికొస్తుంది కదా అని. “ఎవలని అడిగితే మనిషి దొరుకుతడు, పానా దొరకది,” అన్నాడు ఆయన. ఇందులో కూడా ఏదో మతలబు ఉందనే అనుకున్నాను నేను. ఏమీ లేదని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

బాలానగర్ షెడ్డులో వస్తువులు పోవని ఎవరో పైవాళ్ల చెవిన వేశారు. అది శుద్ధ అబద్ధం. పోతూనే ఉండేవి, దొరుకుతూనే ఉండేవి. ఆ మాట పట్టుకుని హెడ్డాఫీసు నుంచి శశిభూషణ్ గారు వచ్చారు. రాజమండ్రి వైపు మనిషి, నలభై దాటలేదు, మెడలో కార్డు, చేతిలో కెమెరా. కంపెనీలన్నీ ఇప్పుడు ‘లీన్’ అనే పద్ధతి పట్టుకున్నాయట. పనిలో వృథా ఎక్కడుందో వెతికి వడకట్టి పారేయడమట. ఒక ఫ్యాక్టరీలో మంచి పద్ధతి కనబడితే దాన్ని మిగతా ఫ్యాక్టరీలకు పాకించడం ఆయన పని. కొత్తగా ఆదిభట్ల వైపు కట్టిన పెద్ద ఫ్యాక్టరీకి ఆయన్నే ఇన్‌ఛార్జిగా వేశారు.

ఆయన చెడ్డవాడు కాడు. ఈ మాట ముందే చెప్పాలి, ఎందుకంటే నేను చెప్పబోయేదంతా విన్నాక మీరు నమ్మరు. మూడు రోజులు నా ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. టేపు పెట్టి నన్ను కొలిచాడు, మేకుల మధ్య దూరం రాసుకున్నాడు, నా రంగు ఏ డబ్బాలోదో కనుక్కున్నాడు. పెళ్లిచూపుల్లో కూడా పిల్లను అంత శ్రద్ధగా చూడరు. మూడు సాయంత్రాలూ లెక్క చూశాడు. మూడుసార్లూ ముప్పై నాలుగుకు ముప్పై నాలుగూ ఉన్నాయి. ఆయన చప్పట్లు కొట్టాడు. ఏదైనా పోతే ఇక్కడ ఏం జరుగుతుందో మాత్రం ఆయన చూడనే లేదు.

“అసలు కిటుకేంటి బుగ్గప్ప గారూ?” అని అడిగాడు వెళ్లేరోజు.

“ఏం లేదు సార్. పోతే చెప్తరు. చెప్తే అందరం కలిసి దేవులాడుతం, దొరుకుతది.”

శశిభూషణ్ గారు పుస్తకంలో ‘సమాచార మార్పిడి: చాలా బాగుంది’ అని రాసుకుని కారెక్కాడు. నెల తిరగకుండా బుగ్గప్పకు రిటైర్మెంటు వయసొచ్చింది, షెడ్డుకు తాళం పడింది. పనిముట్లతో సహా నన్ను లారీలో వేసుకుని కొత్త ఫ్యాక్టరీకి తీసుకెళ్లారు. నాతోపాటు స్వరూపను కూడా.

కొత్త ఫ్యాక్టరీ నేల అద్దంలా ఉంటుంది, ఏసీ ఉంటుంది, గోడల నిండా నినాదాలుంటాయి. నన్ను నమూనాగా పెట్టుకుని నలభై నకళ్లు చేయించారు. అన్నీ నాకంటే అందగత్తెలే. పులిని చూసి నక్క వాతలు పెట్టుకున్నట్టు, పదిహేడో నీడ కొస మొండిగా ఉండటం కూడా వదలకుండా దింపేశారు. అది ఎందుకు అలా ఉందో ఎవరూ అడగలేదు. నన్ను మాత్రం తోకల లోపలి పని జరిగే చోట, స్వరూప లైనులో పెట్టారు. నా పక్కనే గోడకు పెద్ద టీవీ బిగించారు. పనిముట్టు పోకుండా ఎన్ని రోజులు గడిచాయో దాని మీద అంకె వెలుగుతుంది. ఆదివారాలు కూడా లెక్కలోకే. సెలవు రోజున ఏమీ పోదు కాబట్టి అంకె హాయిగా పెరుగుతుంది. పనివాళ్లు దానికి ‘పంచాంగం’ అని పేరు పెట్టారు.

వాళ్లకు ఈ పద్ధతి మీద మొదటి నుంచీ అనుమానమే. ఒకాయన స్టాపువాచీ పట్టుకుని వాళ్ల అడుగులు లెక్కపెట్టేవాడు. “లీన్ అంటే బక్కగ జేసుడట,” అన్నాడు కొమురయ్య ఒకరోజు, పానా నా మేకుకు తగిలిస్తూ. “ఎవల్ని బక్కగ జేస్తరో జూడాలె.” కొమురయ్య యాభై మూడేళ్ల ఫిట్టరు, జనగామ మనిషి. తోక లోపల ఇరుకు సందుల్లోకి చెయ్యి దూర్చి బోల్టులు బిగించడంలో ఆయనకు సాటి లేరు. స్వరూపతో ఎవరూ సరిగా మాట్లాడేవారు కాదు. బోర్డుతోపాటు లారీలో దిగిన మనిషి కదా, ఆఫీసువాళ్ల తరఫున కాపలా కాయడానికే వచ్చిందని వాళ్ల లెక్క. ఆమె వస్తుంటే చాయ్ దగ్గర మాటలు ఆగిపోయేవి.

మొదలుపెట్టిన పన్నెండో రోజున డ్రిల్లు పనిచేసే ఒకతను లెక్కలో “లేదు సార్” అన్నాడు. ఆకురాయి. పంచాంగంలో పన్నెండు కాస్తా సున్నా అయింది. శశిభూషణ్ గారు పై అంతస్తు నుంచి మెట్లు దిగి పరుగున వచ్చాడు. వచ్చీ రాగానే, “ఎవరు?” అన్నాడు.

 ఎనిమిదేళ్లలో నా ముందు ఎవరూ పలకని మాట అది. స్వరూప ఏదో చెప్పబోయింది. ఆయన వినలేదు. ఆకురాయి పది నిమిషాల్లో బల్ల కింద దొరికింది. ఆ మనిషి పేరు మాత్రం వారం పాటు పంచాంగం మీద ఎర్ర అక్షరాల్లో ఉండిపోయింది. ‘బాధ్యత’ అనే శీర్షిక కింద. అదే ఫ్యాక్టరీలో పనిచేసే అతని బావమరిది రోజూ దాని ముందు నుంచే క్యాంటీనుకు పోయేవాడు.

ఆ తర్వాత ఎవరూ “లేదు” అనలేదు. రోజులు మళ్లీ ఒకటి నుంచి పెరిగాయి. ఇరవై, ముప్పై, నలభై. శశిభూషణ్ గారు నూరో రోజుకు పెద్ద సభ పెట్టాలనుకున్నాడు. ఆ రోజున స్వరూపకు పర్మినెంటు ఆర్డరు తన చేత్తో ఇస్తానని అందరి ముందూ ప్రకటించాడు. ఆరేళ్లలో పన్నెండుసార్లు కాంట్రాక్టు కాగితం మీద సంతకం పెట్టిన మనిషి ఆమె. ప్రతిసారీ ఐదు నెలలు భయం లేకుండా, ఆరో నెల భయంతో బతికేది. ఆ ప్రకటన విన్న రోజు ఆమె నా దగ్గరకొచ్చి, ఎవరూ చూడకుండా, ముప్పై నాలుగు పనిముట్లనూ గుడ్డతో తుడిచింది.

నలభై ఒకటో రోజు సాయంత్రం పదిహేడో మేకు మీద కొత్త పానా వేలాడింది.

నాకు వెంటనే తెలిసిపోయింది. బరువు తక్కువ, మెరుపు ఎక్కువ. కొస మొండిగా లేదు. నీడ అంచు దాటి వెంట్రుకవాసి బయటికొచ్చింది. మీద పదిహేడు అని కొట్టారు గానీ ఏడు నిటారుగా ఉంది. రాణిగంజ్ బజారులో కొన్న సరుకు. అంటే అసలు పానా పోయింది, పోయినట్టు ఎవరూ చెప్పలేదు. లెక్కలో “పదిహేడు” అని పిలిస్తే “ఉంది” అనే వినిపించింది. అబద్ధమూ కాదు, నిజమూ కాదు.

ఎవరు చేశారు? సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను కూడా ఆ మాటే అడిగాను. నా వేలు స్వరూప వైపే చూపించింది. పొద్దున అందరికంటే ముందు వచ్చేది ఆమె. మిగులు పనిముట్ల బీరువా తాళాలు ఆమె దగ్గర. నూరో రోజు దాకా అంకె ఆగకుండా పెరగాల్సిన అవసరం అందరికంటే ఆమెకే ఎక్కువ. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టానని గర్వపడ్డాను. ఆమె నన్ను తుడిచేటప్పుడు పదిహేడు దగ్గర చెయ్యి ఆగితే, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకుంటోందిలే అనుకున్నాను. నిజానికి ఆమె చెయ్యి ఆగింది కళ్లు మూతలు పడుతున్నందుకు. లైను లీడరు అయినప్పటి నుంచి పని అంతా ఫారాలు నింపడమే, పానా పట్టుకుని నెలలైంది. రోజుకు పద్దెనిమిది ఫారాలు.

తొంభయ్యో రోజుకు నా మీద బజారు సరుకు ఐదుకు చేరింది. నకిలీవి టిఫిను డబ్బాల్లో లోపలికొచ్చేవి. పైన పటారం, లోన లొటారం. పంచాంగం మాత్రం పచ్చగా వెలిగిపోతోంది.

తొంభై ఏడో రోజు శుక్రవారం. వచ్చే సోమవారానికి నూరు. తొలి విడత తొమ్మిది తోకలూ మూసి, రంగు వేయడానికి సిద్ధంగా వరుసగా నిలబెట్టారు. సోమవారమే పెట్టెల్లో సర్ది పంపించాలి. ఆ మధ్యాహ్నం ఒకతను సెలవు పెట్టడంతో పదో తోకలో రెండు బోల్టులు బిగించడానికి స్వరూపే వచ్చి పదిహేడో పానా తీసింది.

మేకు మీది నుంచి తీస్తూనే ఆగిపోయింది. అరచేతిలో అటూ ఇటూ ఊపి చూసింది. వేళ్లతో కొసను తడిమింది. తర్వాత వెలుగులోకి తిప్పి ఏడు అంకెను చూసింది. ఆమె ముఖంలో రక్తం లేదు. ఆ ముఖాన్ని చూశాక దొంగ ఆమె కాదని అర్థమైంది. యాభై ఆరు రోజులు ఈ మనిషిని అనుమానించానే అని నాకు చచ్చేంత సిగ్గేసింది.

ఆమె ఒక్కొక్కరి దగ్గరకూ పోయి మెల్లగా అడిగింది. “ఎవలో చెప్పుమంటలేను అన్నా. ఏ తోకల పడ్డదో అది చెప్పు సాలు.” అందరూ పని చూసుకుంటున్నట్టు నటించారు. ఒకడు మాత్రం, “ఆఫీసోళ్లకు చెప్పి రా పో అక్కా,” అన్నాడు వెటకారంగా. చివరికి కొమురయ్య దగ్గరికొచ్చింది.

“కాకా, నీకేమన్న ఎరుకనా?”

“నాకేం తెల్సు బిడ్డా,” అన్నాడు ఆయన, చేతిలోని బోల్టు వైపే చూస్తూ. బోల్టు చేతిలోంచి జారి నేల మీద పడింది. ఆయన చేతిలోంచి బోల్టు జారడం నేనెప్పుడూ చూడలేదు.

స్వరూప వచ్చి నా ముందు నిలబడింది. ఆమె ముందున్నవి రెండే దారులు. ఆ బజారు పానాను తిరిగి మేకుకు తగిలిస్తే సోమవారం పర్మినెంటు ఆర్డరు చేతికొస్తుంది. తొమ్మిది తోకల్లో ఒకదానిలో ఉన్న పానా ఎప్పుడో ఒకప్పుడు కడ్డీ మీదికి జారుతుంది, జారకపోనూ వచ్చు. ఆ విమానంలో ఎవరుంటారో ఆమెకు ఎప్పటికీ తెలియదు. లేదని చెబితే పంచాంగం సున్నా, ఆర్డరు ఉండదు. నేను మనుషులను ఎరిగినదాన్ని. తగిలించేస్తుందనే అనుకున్నాను.

నాలుగున్నరకు శశిభూషణ్ గారు ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు, సభ కోసం ముందుగానే ఫొటోలు తీయించాలని. స్వరూప లెక్క మొదలుపెట్టింది. ఒకటి, ఉంది. రెండు, ఉంది. పదహారు, ఉంది. “పదిహేడు,” అని తానే పిలిచి, “లేదు,” అని తానే అంది. పదిహేడో నీడ నల్లగా బయటపడి ఉంది. బజారు పానాను జేబులోంచి తీసి బల్ల మీద పెట్టింది.

“ఇది మనది కాదు సార్. మనది ఏదో తోకల ఉన్నది.”

ఫొటోగ్రాఫరు కెమెరా దించాడు. శశిభూషణ్ గారు బల్ల మీది పానాను చూశాడు. నేను ఊహించిన మాటే వచ్చింది.

“ఎవరు?”

“నేనే సార్,” అంది స్వరూప. “నేనే పోగొట్టిన.”

 లైనులో అందరికీ తెలుసు, ఆమె మూడు నెలలుగా తోకలోకి చెయ్యే పెట్టలేదని. నేను నిర్ఘాంతపోయాను. ఆమె చేస్తున్నదేమిటో అర్థం కావడానికి ఒక్క క్షణం పట్టింది. ఎవరన్న ప్రశ్నకు జవాబు దొరికితే తప్ప ఆ మనిషి రెండో ప్రశ్న అడగడు. అందుకని మొదటిదానికి తన పేరు ఇచ్చేసింది.

“ఎప్పుడు? ఎక్కడ పోగొట్టారు?”

 అది మాత్రం స్వరూపకు తెలియదు. పోగొట్టినవాళ్లకే దారి తెలుస్తుంది. శశిభూషణ్ గారి కళ్లు చిన్నవయ్యాయి. “ఎక్కడ పోగొట్టారో మీకే తెలియదా?” అన్నాడు.

“ఆరో తోకల సార్,” అని వెనక నుంచి గొంతు వినిపించింది. కొమురయ్య. నేల వైపు చూస్తూ మాట్లాడాడు. “ఆ బిడ్డ ఆరో తోకల పనిజేసింది. నడుమ చుక్కాని పట్టె ఎనుక ఎడమదిక్కు సందు ఉంటది. ఆడ జూడున్రి.”

అంత సరిగ్గా చెప్పాక అర్థం కానివాళ్లు లైనులో ఒక్క శశిభూషణ్ గారే. ఆయన ఎప్పుడూ తోక లోపలికి తొంగి చూసినవాడు కాదు.

శనివారం పొద్దుటి నుంచి ఆరో తోక రివెట్లు తొలిచారు. స్వరూపే చెయ్యి దూర్చింది. ఎడమదిక్కు సందులో, కడ్డీకి రెండు వేళ్ల దూరంలో, ఏడు అంకె పక్కకు వాలిన పానా. దాన్ని చేతిలోకి తీసుకుని శశిభూషణ్ గారు కుర్చీలో కూలబడ్డాడు. “పంపించేసేవాళ్లం కదండీ,” అన్నాడు ఎవరితోనూ కాకుండా. “సంతకం పెట్టి మరీ పంపించేసేవాళ్లం.” తర్వాత లేచి పంచాంగాన్ని సున్నా చేసి, ఎర్ర అక్షరాల్లో స్వరూప పేరు తన చేత్తోనే ఎక్కించాడు. రూలు తను పెట్టిందే, మార్చే దమ్ము ఆ రోజుకు ఆయనకు లేదు.

సోమవారం సభ జరగలేదు. సాయంత్రం లెక్కలో ఐదు, “లేదు.” పదకొండు, “లేదు.” ఇరవై రెండు, “లేదు.” ముప్పై, “లేదు.” పొద్దున్నే ఎవరెవరో వచ్చి తమ బజారు సరుకును తీసి చెత్తడబ్బాలో పడేశారు. నాలుగు నీడలు నల్లగా బయటపడ్డాయి. నా జీవితంలో అంత ఖాళీగా ఎప్పుడూ లేను, మనుషులను అంతగా నమ్మిన రోజు కూడా మరొకటి లేదు. శశిభూషణ్ గారు నా ముందుకొచ్చాడు. “ఎవ...” అని మొదలుపెట్టి ఆగాడు. 

“ఏవేవి పోయాయి?” అన్నాడు.

మూడు తోకల్లో దొరికాయి. నాలుగోది ఒకాయన స్కూటరు సీటు కింద దొరికింది, పొరపాటున ఇంటికి పట్టుకెళ్లాడట. తోకలు మూడు వారాలు ఆలస్యంగా వెళ్లాయి. ఆలస్యానికి శశిభూషణ్ గారిని వేరే ఊరికి మార్చారు. ఈ పద్ధతి ఏమిటో ఆయనకు అప్పుడే అర్థం కావడం మొదలైంది. అందుకేనేమో మార్చారని నా అనుమానం.

ఆ తర్వాత నన్ను కూడా మార్చారు. చరిత్ర ఉన్న బోర్డు కదా అని ఆఫీసు ముందు హాల్లో, మెత్తటి సోఫాల వెనక గోడకు బిగించారు. కింద ఇత్తడి పలక మీద ‘మా సంస్కృతికి తొలి మెట్టు’ అని చెక్కించారు. వచ్చేపోయేవాళ్లు పనిముట్లు తీసుకుపోకుండా ముప్పై నాలుగింటినీ జిగురుతో అంటించేశారు. ఇప్పుడు నా నీడల్లో ఒక్కటి కూడా ఎవరికీ కనబడదు. అతిథులు నా ముందు నిలబడి ఫొటోలు దిగుతారు. లోపల లైనులో ఏం జరుగుతోందో నాకు తెలియదు. సాయంత్రం నాలుగున్నరకు గోడకు చెవి పెట్టి వింటాను, ఏసీ చప్పుడు తప్ప ఏమీ వినిపించదు.

స్వరూప కాంట్రాక్టు ముగిసింది. పదమూడో కాగితం రాలేదు. రికార్డులో పేరు ఉన్నవాళ్లకు పొడిగింపు ఇవ్వకూడదని రూలట. కార్డు తిరిగి ఇవ్వడానికి వచ్చి ఆమె నా కింద సోఫాలో కూర్చుంది. అవతల బల్ల దగ్గర కాగితాలు చూసే అమ్మాయి ఏవో ముద్రలు వేస్తోంది. అప్పుడే లోపలి తలుపు తీసుకుని కొమురయ్య వచ్చాడు. పని బట్టలతోనే ఉన్నాడు, చేతులకు నూనె. ఎవరో చెప్పారనుకుంటాను, ఆమె వచ్చిందని. నేరుగా ఆ అమ్మాయి దగ్గరకు వెళ్లాడు.

“అమ్మా, ఆ పానా ఈ బిడ్డ పోగొట్టలేదు. నేను పోగొట్టిన. రాసుకో.”

ఆ అమ్మాయి తలెత్తి చూసింది. “ఏ పానా అండీ?”

“పదిహేడు. ఆరో తోకలది.”

ఆమె కంప్యూటరులో వెతికింది. “ఆ ఫైలు క్లోజ్ అయిపోయిందండీ. ఎవరి మీదైనా కంప్లయింట్ ఇస్తారా? ఫారం ఇస్తాను.”

“కంప్లయింట్ కాదమ్మా. నేను పోగొట్టిన అని చెప్తున్న.”

ఆ అమ్మాయి సొరుగు తెరిచి, ఒక్కో రకం ఫారం తీసి చూసి, మళ్లీ పెట్టేసింది. ఆమె పాపం నిజంగానే వెతికింది.

“దానికి ఫారం లేదండీ,” అంది.

స్వరూప లేచి వచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది. ఆమె కళ్లు తడిగా ఉన్నాయి గానీ గొంతు మామూలుగానే ఉంది. “పోనీ తియ్యి కాకా. బయట చాయ్ తాగుదాం పా.”

కొమురయ్య కదల్లేదు. వెనక్కి తిరిగి నా వైపు చూశాడు. సోఫా పక్క నుంచి వచ్చి, చెయ్యి పైకెత్తి, ఏడు పక్కకు వాలిన పానాను పట్టుకుని లాగాడు. అది రాలేదు. రెండో చెయ్యి కూడా వేసి గట్టిగా లాగాడు. “సార్, అది ముట్టుకోకూడదండీ,” అంది ఆ అమ్మాయి కంగారుగా. నేను వదిలేయాలనే అనుకున్నాను. నా చేతిలో లేదు.